మామయ్య లెక్కలో దయ్యాలు

నేను పెళ్ళాడింది కొడుకునే అయినా రోజంతా పోట్లాడేది మాత్రం మామగారితోనే. మా ఆయన పళ్ళ డాక్టరు. అందరినీ నోరు తెరవమంటాడు గానీ తను తెరవడు. మామయ్య అలా కాదు. పెళ్ళికి ముందు ఆయన నా రీసెర్చి గైడు. అప్పట్లో జీతం తీసుకుని నన్ను తిట్టేవారు, ఇప్పుడు ఉచితంగా తిడుతున్నారు.

మా ఇద్దరి పనీ ఒకటే. నక్షత్రాల గుంపులు చెదిరిపోకుండా పట్టి ఉంచే, కంటికి కనపడని కృష్ణపదార్థం ఎలాంటి కణాలతో తయారై ఉంటుందో ఊహించి లెక్క కట్టడం. అదేమిటని అత్తయ్య ఒకసారి అడిగింది.

"చీకటి గదిలో మంచం మీద ఎవరో కూర్చున్నారనుకో," అన్నారు మామయ్య. "మనిషి కనపడడు, మాట్లాడడు. మంచం మాత్రం కుంగుతుంది."

"లైటు వేసుకోవచ్చుగా," అంది అత్తయ్య.

"వేసినా కనపడదే. అదే గొడవ."

చాలామంది ఆ కణానికి స్పిన్, అంటే పుట్టుకతో ఉండే తిరుగుడు, సున్నా అనో, ఒకటి అనో అనుకుని సులువుగా లెక్క తేల్చేస్తారు. మామయ్యకు సులువంటే పడదు. స్పిన్ మూడు ఉంటే ఏమవుతుందని పట్టుకు కూర్చున్నారు. అలాంటి కణం మామూలు పదార్థంతో పొత్తు పెట్టుకోవడం చాలా కష్టం కాబట్టి, ఇన్నాళ్ళూ ఎవరికీ దొరక్కుండా ఉండడానికి దానికే ఎక్కువ అవకాశమని ఆయన వాదన.

మెదడుకు ఆపరేషన్ జరిగాక ఆయన చేపట్టిన మొదటి పెద్ద లెక్క ఇది. ఇంట్లో ఇంకా అప్పుడప్పుడూ మాటల కోసం వెతుక్కుంటున్నారు. మొదలుపెట్టే ముందే నాకు చెప్పేశారు: "ఈసారి తప్పు నాదని తేలితే ఇక మానేస్తానమ్మాయ్. బల్ల ఖాళీ చేసేస్తా." నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా పద్ధతి ఒకటుంది. ఒకే లెక్కను ఇద్దరం చెరో గదిలో చేస్తాం, దాని గురించి మాట్లాడుకోం. అయ్యాక కాగితాలు అత్తయ్య చేతికిస్తాం. ఆవిడ బీరువాలో ఇస్త్రీ దుప్పట్ల కింద పెడుతుంది. ఒకసారి ఇచ్చాక ముట్టుకోకూడదు. ఆదివారం పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. రెండూ కలిస్తేనే జవాబును నమ్ముతాం.

శనివారం ఉదయం మామయ్య నడకకు వెళ్ళారు. నాకు మనసు ఆగలేదు. నావాటిలో ఒక గుర్తు సరిచేయాలని అత్తయ్యతో అబద్ధమాడాను. తీసుకోమంది. నా కాగితాల కింద ఆయనవి ఉన్నాయి. చూడకూడదు. చూశాను.

స్పిన్ మూడు ఉన్న కణానికి ఏడే స్థితులు. సమీకరణంలో మొదట పది కనిపిస్తాయి, అందులో మూడు ఉత్తవి. వాటిని మామయ్య దయ్యాలంటారు. ముందే ఏరిపారేయాలి. ఆయన ఏరలేదు. పదింటినీ లెక్కలో వేసేశారు. చదువుకునే రోజుల్లో నేను ఈ తప్పే చేస్తే, అధ్యాయం మొత్తం మళ్ళీ రాయించిన మనిషి ఆయన.

చెబితే మానేస్తారు. చెప్పకపోతే రేపెలాగూ బయటపడుతుంది. నా గదిలో కూర్చుని, చక్కగా ఉన్న నా లెక్కను నా చేత్తోనే చెడగొట్టాను. ఏడు తీసి పది వేసి, కాగితాలు మళ్ళీ దుప్పట్ల కిందే పెట్టేశాను. తప్పు ఇద్దరిదీ అయితే ఆయన ఒక్కరే మానక్కర్లేదు కదా. కొన్నాళ్ళాగి నేనే కనిపెట్టినట్టు నటించి ఇద్దరినీ తిట్టవచ్చు. అది తెలివైన పథకమేనని ఇప్పటికీ అంటాను.

ఆదివారం అత్తయ్య కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. నాది పది. ఆయనది ఏడు.

ఆయన పేజీలు కొత్తవి. దయ్యాలను ఏరిన తీరు కూడా కొత్తది. కణాన్ని ఊహలో గుండ్రంగా తిప్పి చూసి, నాకెప్పుడూ తట్టని దారిలో నాలుగు వరుసల్లో ముగించేశారు. సంతోషంలో నేను దొరికిపోయిన సంగతే మర్చిపోయాను.

"పదా?" అన్నారు మామయ్య, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"పొరపాటైంది."

"నీకు ఈ పొరపాటు రాదమ్మాయ్. నేనే రానివ్వలేదు. ఈ తప్పు నాది. నిన్న నడుస్తుంటే తట్టింది. ఇంటికొచ్చి మీ అత్తయ్యని బతిమాలి మార్చుకున్నా. నీవి ముట్టుకోలేదు, ఒట్టు."

నేను అత్తయ్యకేసి చూశాను.

"ఇద్దరూ అడిగారు, ఇద్దరికీ ఇచ్చాను," అందావిడ. "దొంగలు మీరయితే నన్ను చూస్తారేం?"

మామయ్య నవ్వలేదు. కుర్చీ నా పక్కకు జరుపుకున్నారు. "నా తప్పు నాకిచ్చెయ్యమ్మా. నేను పనికిరాకుండా పోతే ముందు తెలిసేది నీకే. నువ్వు కూడా తలూపేస్తే నాకింకెవరు చెబుతారు?"

ఎప్పుడూ కోపం తప్ప ఇంకేదీ రాని నాకు ఏడుపొచ్చింది. "చెబుతాను," అన్నాను. "కానీ నాకు చెప్పాలని లేదు మామయ్యా."

"తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్నా."

కళ్ళు తుడుచుకుని ఆయన కాగితాలు ముందుకు లాక్కున్నాను. వరుస వరుసా సరిచూశాను. మూడో వరుస దగ్గర ఆగాను. ఆయన చూస్తూనే ఉన్నారు.

"ఇక్కడ ఒక మైనస్ పోయింది," అన్నాను. "జవాబు మారదు గానీ, పోయింది."

ఆయన ముఖం విప్పారింది. "మరి బల్ల ఖాళీ చేయాలా?"

"ఒక్క మైనస్‌కి ఖాళీ చేయాలంటే నేనెప్పుడో రోడ్డున పడాలి."

ఆయన పెన్ను తీసుకుని వంగారు. మైనస్ ఎక్కడ పడాలో పెన్ను మొనతో వెతుక్కున్నారు. చూపించబోయి ఆగిపోయాను. ఆయనే దిద్దుకున్నారు.