సుస్వాగతం కింద పడిన వరుసలు

నేను ఒక నల్లబల్లను. లెక్కలు రావు, విన్నదే వచ్చు. అడిగినవాళ్లు లేరు గనక ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇక ఊరుకోను.

నన్ను చేసింది వడ్రంగి అప్పలకొండ. టేకుచెక్క చిత్రికపట్టి, నల్లరంగు పూసి, "ఎవుడు రాసినా నిలబెట్టాల" అని వీపు తట్టాడు. తీసుకెళ్లి యూనివర్సిటీలో లెక్కల శాఖ గోడకి కొట్టారు.

అక్కడ వకుళ అనే అమ్మాయి పరిశోధన చేసేది. దూరం పంపే కబురుకి కొన్ని అంకెలు అదనంగా తగిలిస్తారట. దారిలో ఒకటో రెండో పాడైనా మిగిలినవాటిని బట్టి అవతలివాళ్లు దిద్దుకుంటారు. ఆ కట్టుబాటునే కోడ్ అంటారు. కుప్పలుగా తగిలిస్తే ఎవరైనా చేస్తారు. ఆ ఒకటి రెండు తప్పులూ దిద్దుతూనే వీలైనంత పొట్టిగా ఉండాలి, అదీ కష్టం. ఇంతకన్నా తగ్గదని ఒక హద్దు లెక్కగట్టి ఉంది. వకుళ ఎంచుకున్న కొలతలకి సరిగ్గా ఆ హద్దు మీద నిలిచే కోడ్ ఇంకా ఎవరికీ దొరకలేదు. దొరికితేనే వకుళకి డాక్టరేటు.

వాళ్ల లెక్కలో ఉన్న అంకెలు సున్నా, ఒకటి, రెండు. అంతే. రెండు దాటితే మళ్లీ సున్నాకే రావాలట, ఒకటీ రెండూ కలిపితే సున్నా అంటారు! అదీ భరించాను. ఆ పిల్ల కోడ్‌లో ఒక్కో నిలువు వరుస అంకెలు రాసేది, కుదరకపోతే తుడిచేది. రాత మహా గట్టి. సుద్దముక్క నా ఒంట్లోకి దిగేది.

ఓ రోజు పొద్దున చివరి వరుస కుదిరింది. వకుళ ఎగిరి గంతేసింది. మూల "చెరపరాదు" అని రాసి, కాయితం మీదికి ఎక్కించకుండానే హాస్టల్‌కి భోజనానికి పరుగెత్తింది. మధ్యాహ్నం పరీక్షించే పెద్దాయన ఢిల్లీ నుంచి వస్తున్నాడు మరి.

అప్పుడొచ్చాడు శాఖాధిపతి అనంతశయనం. ఈ కోడ్‌ల పాఠం చెప్పీ చెప్పీ జుట్టు నెరిసినవాడు. డస్టర్ తీసుకుని కుడివైపున్న అదనపు అంకెల వరుసలన్నీ తుడిచేశాడు. ఆ చోట రంగు సుద్దతో "సుస్వాగతం" అని రాశాడు. ఎవరికి? ఆ వరుసలు చూడ్డానికి వస్తున్నవాడికే!

వకుళ వచ్చి గుమ్మంలోంచే అరిచింది.

"సార్! వరుసలేవి?"

"అవి అదనపువే కదమ్మా. కాసిని చెరిగితే ఏం? నీ కోడే దిద్దుకుంటుందిలే."

"దిద్దాలంటే కోడ్ ఉండాలి కద్సార్! మీరు కోడ్‌నే చెరిపేశారు!"

ఆయన డస్టర్ కేసి చూశాడు. "అరె... అదొకటుంది కదూ."

ఉంది కదూ! తాళంచెవిని పెట్టెలో పడేసి పెట్టెకి తాళం వేసే రకం.

వకుళ ఏడవలేదు. చున్నీతో సుస్వాగతాన్ని తుడిచి, చెంప నాకు ఆనించి ఏటవాలుగా చూసింది. "సార్, కాస్త జరగండి. వెలుగుకి అడ్డం." జరిగాడు. నేను బిగబట్టి ఉన్నాను. ఆ పిల్ల పొద్దున గీసిన గాట్లలో ఒక్కటీ నేను పోనివ్వలేదు, పాతవాటి మీద అవే తాజాగా కనిపించాయి. "రెండు... సున్నా... ఇది ఒకటా? ఒకటే!" అంటూ వేలితో తడిమి ఈసారి కాయితం మీదికి ఎక్కించుకుంది. కూడి, కలిపి, సరిచూసుకుంది. కుదిరింది. ఢిల్లీ పెద్దాయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకి స్వాగతం చెప్పినవాళ్లే లేరు.

వకుళకి డాక్టరేటు వచ్చింది, సంతోషం. నా మంట వేరే. ఆ తర్వాత ప్రతి సభలోనూ అనంతశయనం ఒకటే మాట: "మా అమ్మాయి కోడ్ ఎంత గట్టిదంటే, చెరిపేసినా తనంతట తనే బాగుచేసుకుంది!" చప్పట్లు. తనంతట తనే! నేనెవర్ని మరి?

తెల్లబల్ల వచ్చాక నన్ను సైకిల్ స్టాండు వెనక పారేశారు. కాపలా సింహాచలం మొన్న నా కుడివైపు సున్నంతో "ఇక్కడ సైకిళ్లు పెట్టరాదు" అని రాశాడు. సరిగ్గా ఆ వరుసల మీదే. రాయనీ. వానొస్తే సున్నం కారిపోతుంది. ఆ సాయంత్రం ఎండ పక్కనుంచి పడుతుంది. నమ్మనివాళ్లు అప్పుడొచ్చి, చెంప ఆనించి చూసుకోండి.