బొటనవేలి మేర

పాత ఫోను వీపు ఉబ్బి, అద్దం ఒక పక్కకి లేచిపోయింది. దాన్ని బాగుచేయించడానికి నేనూ మా ఆయనా కలిసే వెళ్లాం. దుకాణంలో ఫోన్లు బాగుచేసే అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, చెల్లని నాణేన్ని చూసినట్టు చూశాడు.

"దీనికి బ్యాటరీలు రావడం మానేశాయండీ. ఇంక చార్జింగులో పెట్టకండి, అంటుకుంటుంది."

మా ఆయన ఏమీ అనలేదు. అనలేరు. గొంతులో గడ్డ లేచి, ఆపరేషనులో స్వరపేటిక తీసేశాక ఆయనకి నోరంటే ఆ ఫోనే. అక్షరాలు కొడితే అది పైకి చదివేది. అందులోది ఆడగొంతు. మొదటిసారి అది పలికినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. ఆయన వెంటనే ఇంకో మాట కొట్టారు: "ఇంతకాలం ఇంట్లో ఒక ఆడగొంతే. ఇప్పుడు రెండు. నా వంతు ఇంక ఎప్పటికీ రాదు."

ఆపరేషను తర్వాత నేను నవ్వింది ఆ రోజే. అంతకుముందు నెలల తరబడి ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు.

మాది వీధి మొదట్లో చిన్న సెలూను. రెండు కుర్చీలు, రెండు అద్దాలు. తువ్వాళ్లు ఉతకడం, నేల ఊడవడం, వచ్చినవాళ్లని కూర్చోబెట్టడం నా పని. కత్తెర ఆయనది. జుట్టు ఎక్కడైనా కత్తిరిస్తారు. మా దగ్గరికి జనం వచ్చేది మాటల కోసం. ఎవరైనా ఒక మాట విసిరితే ఆయన దువ్వెనని కూడా కత్తెర పట్టుకున్న చేతివేళ్ల సందులోకి తోసేసి, ఎడమచేత్తో గుండెల మీది జేబులోంచి ఫోను తీసేవారు. కళ్లు అద్దంలో వచ్చినవాడి తలమీదే ఉండేవి. బొటనవేలు మాత్రం ఫోను మీద తిరిగేది. ఏ అక్షరం ఎక్కడుందో ఆ వేలికి తెలుసు. ఎదుటివాళ్లు ఊపిరి తీసుకునేలోపు బదులు వచ్చి పడేది.

"గొంతున్నప్పుడే నయమయ్యా, కాస్త నత్తేనా వచ్చేది నీకు" అని లెక్కల మాస్టారు గింజుకునేవారు. మాస్టారు రిటైరై చాలా కాలమైంది. నెత్తిమీద ఉన్నవి నాలుగు పరకలు. అయినా వారం తప్పకుండా వచ్చేవారు. క్షవరానికి కాదు, కయ్యానికి.

ఫోను పోయిందని తెలిసి మా తమ్ముడు మర్నాడే కొత్తది పట్టుకొచ్చాడు.

"బావా, చూడు! ఇంతకన్నా పెద్దది షాపులో లేదు. అక్షరం ఒక్కొక్కటీ చింతగింజంత. ఇంక కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు."

"ఫోనేనట్రా ఇది? కూరలు తరుక్కునే పలకలా ఉంది" అన్నాను.

"నీకు తెలీదు ఊరుకో అక్కా. బావ కోసం ప్రేమగా తెచ్చాను."

ప్రేమగా తెచ్చిన మాట నిజమే. చిక్కంతా అక్కడే. పోనీ, ఏ ముఖం చాటేసేవాడో తెచ్చి ఉంటే వెనక్కి ఇచ్చేసేవాళ్లం. ఆయన ఫోనుని బల్లమీద పెట్టుకుని, రెండు చేతులతో నింపాదిగా కొట్టారు: "మీ అక్కని కట్టబెట్టినప్పుడూ ఇలాగే అన్నావు. ఇంతకన్నా మంచి సంబంధం దొరకదని."

"అబద్ధమా బావా?"

"ఇంకా చూస్తున్నా."

వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంట్లో, బల్లముందు, రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఫోను బాగానే ఉంది.

సెలూనులో మాత్రం అది గుండెల మీది జేబులో దూరలేదు. నేను జేబు విప్పి వెడల్పు చేసి కుట్టాను. అప్పుడు ఆయన వంగితే అది గడ్డానికి తగిలేది. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు సగం దూరం వెళ్లి ఆగిపోయేది. అవతలి అంచున ఉన్న అక్షరాలకోసం చెయ్యి జరిపితే ఫోను ఒరిగేది. కత్తెర కింద పెట్టాలి, దువ్వెన కింద పెట్టాలి, అద్దంలోంచి కళ్లు తిప్పుకోవాలి, తల వంచుకుని రెండు చేతులతో కొట్టాలి. ఈలోగా అన్నవాడు ఆ మాట మరిచిపోయి వాన గురించి మాట్లాడుతూ ఉండేవాడు.

ఒకరోజు మాస్టారు కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టారు. "ఏమయ్యా, నా జుట్టు ఈ మధ్య ఒత్తుగా వస్తున్నట్టు లేదూ? నిజం చెప్పు."

ఆయన కత్తెర పెట్టేసి ఫోను మీదికి వంగారు. అదే సమయానికి ఇళ్లకి రంగులు వేసే అతను లోపలికి వచ్చాడు. మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు. పాత ఫోనైతే ఆయన అద్దంలో అతన్ని చూసి ఉండేవారు. ఇప్పుడు అక్షరాలు వెతుక్కుంటున్నారు.

"ఏంటయ్యా, అలా ఉన్నావు?" అన్నారు మాస్టారు.

"మా అన్నయ్య పోయాడండీ" అన్నాడతను.

షాపంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫోను గట్టిగా, హుషారుగా పలికింది. "ఒత్తు సంగతి దేవుడెరుగు. లెక్కపెట్టడానికి మీకు ఒక చేతి వేళ్లు చాలు, మాస్టారూ!"

ఆపుదామని ఆయన వేలు చాచారు. ఆపే గుర్తు ఎక్కడో పై మూలన ఉంది. వేలు అందలేదు. ఫోను ఒరిగి అరచెయ్యి దేనికో తగిలింది. "ఒత్తు సంగతి దేవుడెరుగు..." అంటూ మళ్లీ మొదలైంది. నేను పరుగెత్తి తువ్వాలు కప్పాను. తువ్వాలు కింద నుంచి కూడా చివరిదాకా చదివింది.

"పర్లేదండీ, మీకు తెలీదుగా" అన్నాడు రంగులతను. కూర్చోలేదు. "మళ్లీ వస్తాలెండి" అని వెళ్లిపోయాడు.

ఆయన ఫోనుని తువ్వాళ్ల సొరుగులో అడుగున పెట్టేశారు. ఆ తర్వాత ఎవరేమన్నా తల ఊపడమే. అవునన్నా అదే ఊపు, కాదన్నా అదే ఊపు. వచ్చినవాళ్లు కాసేపు చూసి తమ ఫోన్లు తీసుకుని వాటిలోకి ముఖం పెట్టేవారు. అన్నీ పెద్దవే. మాస్టారు నాలుగు మాటలు రువ్వి చూశారు. ఒక్కటీ తిరిగి రాలేదు. పెళ్లికి వెళ్లి భోజనం పెట్టించుకోకుండా వచ్చినవాడిలా మెట్లు దిగి వెళ్లారు.

ఇంట్లో ఆయన మళ్లీ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. నాకు భయం వేసింది. ఆ నెలలు మళ్లీ చూడలేను.

కాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు తిప్పి, ఆయన ముందు పెట్టాను. "ఎడమచెయ్యి దీనిమీద పెట్టండి."

ఆయన చెయ్యి వెల్లకిలా చాపి, జాతకం చూస్తావా అన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

"మీ జాతకం నాకు పెళ్లినాడే తెలుసు. బోర్లా పెట్టండి."

చెయ్యి చుట్టూ పెన్సిలుతో గీశాను. బొటనవేలు ఎంతవరకు తిరుగుతుందో తిప్పమని, ఆ మేర ఇంకో గీత గీశాను. నెలవంకలా వచ్చింది. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఫోన్ల షాపుకి వెళ్లాను.

"చిన్న ఫోను కావాలయ్యా."

"ఇదిగోనమ్మా, చిన్నదే" అని అమ్మేవాడు ఒకటి తీశాడు. దాన్ని కాగితం మీద పెట్టాను. మా ఆయన చెయ్యి సగం మాయమైపోయింది.

"ఇది చిన్నదా?"

"దాని పక్కన పెట్టి చూడండమ్మా" అని ఇంకా పెద్దది తీశాడు.

"ఏనుగు పక్కన పెడితే గేదె కూడా చిన్నదే. నాకు పిల్లి కావాలి."

"పిల్లులు రావట్లేదమ్మా" అన్నాడు, ముఖంలో నవ్వేమీ లేకుండా. కాసేపు ఆలోచించి, కింది అరలోంచి మీటలున్న ఫోను తీశాడు. అది కాగితం మీది అరచేతిలో చక్కగా ఇమిడింది.

"ఇది తెలుగు చదివి వినిపిస్తుందా?"

"టార్చిలైటు వెలుగుతుందమ్మా."

"నాకు వెలుతురు కాదయ్యా కావలసింది, మాట."

"అందరూ పెద్దవే అడుగుతున్నారమ్మా. అందుకే అవే వస్తున్నాయి."

"ఆ అందరిలో నేను లేనా?"

"ఉన్నారు. కానీ మీరు ఒక్కరేగా."

అతని తప్పు లేదు. మరో షాపులో ఒకామె, రెండు చేతులతో పట్టుకోవడం అలవాటు చేసుకోమనండి అంది. ఇంకో చోట ఆ కాగితం చూసి, చేతి పటం కట్టించుకోవడానికి వచ్చాననుకుని పక్క షాపు చూపించారు. ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చుంటే నోట్లోంచి స్తోత్రం రాలేదు. స్వామీ, నువ్విచ్చిన బొటనవేలు నువ్విచ్చినంతే ఉంది కదా, మరి వీళ్లు ఎవరి చెయ్యి కొలిచి ఇవి చేస్తున్నారు, అని అడిగాను. ఇలాంటివి దేవుణ్ణి అడగవచ్చో లేదో నాకు తెలియదు. కానీ షాపులవాళ్లు చెప్పలేకపోయారు. ఇంకెవరిని అడగను?

మా తమ్ముడు ఫోను వెనక అంటించే ఉంగరం తెచ్చాడు. "వేలు ఇందులో దూర్చు బావా, జారదు." జారలేదు, నిజమే. కానీ అందలేదు కూడా. ఆయన ఉంగరంలో వేలితో ఫోనుని గిరగిరా తిప్పి, వాడికేసి చూసి, మళ్లీ సొరుగులో పెట్టేశారు.

తర్వాతి వారం మాస్టారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, మెడచుట్టూ గుడ్డ కట్టించుకుని, అద్దంలో మా ఆయన్నే చూస్తూ అన్నారు. "నీకు కత్తెర పట్టడం రాదని నాకు మొదటినుంచీ అనుమానమే. మాటలతో నెట్టుకొచ్చావు."

ఆయన తల ఊపారు.

మాస్టారు కూడా తల ఊపారు. కత్తెర గాలిని కత్తిరించింది. ఆయన మాస్టారి తల పట్టుకుని తిన్నగా నిలబెట్టారు. వదలగానే మాస్టారు మళ్లీ అటూ ఇటూ ఊపారు.

"ఏంటండీ మాస్టారూ, చిన్నపిల్లాడిలా" అన్నాను.

"నువ్వుండమ్మా. వాడు ఊపితే తప్పులేదు గానీ నేను ఊపితే తప్పా? బదులు వచ్చేదాకా ఊపుతూనే ఉంటాను. చెవి తెగితే ఆ పాపం నీ మొగుడిదే."

ఆయన ముఖం ఎర్రబడింది. కత్తెర బల్లమీద ఠపీమని కొట్టారు. సొరుగు లాగి, తువ్వాళ్లన్నీ కింద పడేసి ఫోను తీశారు. రెండు చేతులతో, తల వంచుకుని, తప్పు కొట్టి చెరిపి మళ్లీ కొట్టారు. మాస్టారు నిశ్చలంగా కూర్చున్నారు. చాలా సేపు పట్టింది.

"దేవుడు రెండు చేతులిచ్చాడు" అంది ఫోను. "ఒకటి మీ తలకి, ఒకటి నా నోటికి సరిపోయేవి. ఈ పలక రెండూ నాకే అంటోంది. మీ తల మీరే కత్తిరించుకోండి. ఎలాగూ పెద్ద పని లేదు."

మాస్టారు కుర్చీ పిడి చరిచి నవ్వారు. "వచ్చిందయ్యా! ఆలస్యమైనా వడ్డీతో సహా వచ్చింది. అయితే ఆ పలక ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటాను. నువ్వు ఒక్క చేత్తో కొట్టు."

గుడ్డకింద నుంచి రెండు చేతులూ బయటికి తీసి, ఫోనుని బడిలో పిల్లవాడు పలక చూపించినట్టు తెర పైకి తిప్పి గుండెల ముందు పట్టుకున్నారు. మా ఆయన కుర్చీ వెనక నిలబడి, మాస్టారి భుజం మీదుగా ఎడమచెయ్యి చాపి చూపుడువేలితో కొట్టారు. కుడిచేతిలో కత్తెర అలాగే ఉంది. పని జరిగేలా ఉందని నాకు ఆశ కలిగింది.

వాక్యం సగంలో ఉండగానే మాస్టారు మెడ వంచి చదివేసి పకపకా నవ్వారు. "'మీ లెక్కల్లో హెచ్చవేత ఎక్కువ, మీ నెత్తిన'... ఆఁ, తీసివేత అంటావు! అంతేగా?"

ఆయన వేలు గాలిలో ఆగిపోయింది. చెప్పకముందే విన్నవాడికి ఇంక ఏం చెప్పాలి? కొట్టిందంతా చెరిపేశారు. వాక్యాన్ని వెనక నుంచి కొట్టి చూశారు. మాస్టారు దాన్నీ ఊహించేశారు. ఆయన విసుగుతో కాలు నేలకి తాటించి, ఒక్కొక్క అక్షరం పొడుస్తూ కొట్టారు. ఫోను పలికింది: "కళ్లు మూసుకోండి."

"మూసుకుంటే చెవి కోసేస్తావు."

"తెరిచినా కోస్తాను."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఆయన మళ్లీ భుజం మీదుగా వంగారు. అవతలి అంచున ఉన్న అక్షరంకోసం ఒళ్లంతా సాగదీయవలసి వచ్చింది. ఆపరేషనులో గొంతుకి పెట్టిన రంధ్రం కనబడకుండా ఆయన మెడకి కట్టుకున్న గుడ్డ పక్కకి జరిగింది. ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. ఇలా రోజంతా ఎవరు పట్టుకుంటారు? వచ్చిన ప్రతివాడూ మాస్టారు కాడు కదా. నేను తువ్వాళ్లు ఏరుకుంటూ, సంచిలోని చేతి కాగితం గురించే ఆలోచిస్తున్నాను. బస్టాండు పక్కన ఇంకో షాపు ఉందట. అక్కడ ఇంకా అడగలేదు.

"ఎంతసేపయ్యా?" అన్నారు మాస్టారు.

నేను అద్దంలోకి చూశాను. మాస్టారి ఎడమకన్ను సన్నగా తెరిచి ఉంది. మా ఆయనా అప్పుడే చూశారు. ఫోను మీది వేలు తీసి, మాట పూర్తిచెయ్యకుండానే, ఆ కన్ను మీద పెట్టి గట్టిగా మూసేశారు.