మామగారి కారు ముందు టైర్లు

కార్లు బాగుచేసే షెడ్డులో పెద్దల్లుడికి పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది. చిన్నల్లుడికి ఒక లాప్‌టాప్ ఉంది. మామగారు ఈమధ్య ఆ లాప్‌టాప్ వైపే మొగ్గుతున్నాడని పెద్దల్లుడికి ఒకటే కడుపుమంట. తింటున్నా అదే, పడుకున్నా అదే.

షెడ్డు మామగారిది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి పెత్తనం ఇద్దరిలో ఒకరికి అప్పగించి ఇంటిపట్టున ఉంటానన్నాడు. ఎవరికన్నది ఆయన సొంత కారే తేల్చేలా ఉంది. నెల రోజులుగా దాని యాక్సిలరేటర్ తొక్కితే చాలు, చక్రాలు జారుతున్నాయని చెప్పే ట్రాక్షన్ దీపం టపటపా కొట్టుకుంటోంది. ఎత్తు ఎక్కబోతే బండిలో ఊపు చచ్చిపోతోంది.

"సాయంత్రానికి దీన్ని ఎవరు బాగుచేస్తే కుర్చీ వాళ్లది," అన్నాడు మామగారు.

చిన్నల్లుడు చక్రాల వేగం కొలిచే సెన్సర్లు అప్పటికే రెండు మార్చాడు. దీపం ఆరలేదు. పెద్దల్లుడికి ఆ పూట టీ మరీ రుచిగా అనిపించింది.

"ఏం తమ్ముడూ, నీ పెట్టె ఏమంటోంది?"

"ముందు చక్రాలు జారుతున్నాయంటోంది అన్నయ్యా. పొడి రోడ్డు మీద ఎలా జారతాయో అర్థం కావట్లేదు. మూడో సెన్సరు తెచ్చి చూస్తా," అని వెళ్లాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు నవ్వుకుంటూ చక్రాలకేసి చూశాడు. నవ్వు ఆగిపోయింది. ముందు టైర్లు వెనకవాటికంటే రెండు వేళ్లు పొట్టిగా ఉన్నాయి. నెల కిందట వాటిని వేసింది తనే. సరైన సైజు మర్నాటికి గాని రాదన్నారు. ఆగితే ఆ పని కూడా చిన్నల్లుడు కొట్టేస్తాడని, ఉన్నవాటినే హడావుడిగా బిగించేశాడు.

టైర్లకి సుద్దతో గుర్తులు పెట్టి కారుని తోసి చూశాడు. వెనక చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ముందుది చుట్టు దాటి ఇంకో బెత్తెడు తిరిగింది. కారుని లాగేవి ముందు చక్రాలే. అవి జారి ఉత్తినే తిరుగుతున్నాయనుకుని కారులోని కంప్యూటరు ఇంజను గొంతు నొక్కుతోంది.

తర్వాత వచ్చిన సరైన టైర్లు అటకమీదే ఉన్నాయి. ఎవరి కంటా పడకుండా మార్చేసి, చిన్నవాటిని తుక్కు వెనక దాచాడు. 'ఊరికే చెవి పెట్టి విన్నాను మామయ్యా, దొరికిపోయింది' అని చెప్పాల్సిన మాట కూడా సిద్ధం చేసుకుని చేతులు కడుక్కుని టీ తాగి రావడానికి వెళ్లాడు.

వచ్చేసరికి కారు లేదు. ఈలోపే చిన్నల్లుడు మూడో సెన్సరు బిగించి మామగారిని ఎక్కించుకుపోయాడు. పావుగంటకి ఇద్దరూ తిరిగొచ్చారు.

"ఎత్తంతా ఎక్కేసింది! దీపం జాడే లేదు!" అంటూ మామగారు చిన్నల్లుడి వీపు తట్టాడు. "పనంటే ఇదీ!"

"నేను చేసిందేముంది మామయ్యా," అన్నాడు చిన్నల్లుడు తల గోక్కుంటూ.

ఆ వినయం చూసి పెద్దల్లుడికి ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకుంటే కుర్చీ పోతుంది గాని పరువైనా మిగులుతుంది. అది తెలిసి కూడా నోరు ఊరుకోలేదు.

"సెన్సరూ లేదు, గిన్సరూ లేదు! ముందు టైర్లు చిన్నవి. అప్పుడు వేసిందీ నేనే, ఇప్పుడు మార్చిందీ నేనే. తుక్కు వెనకున్నాయి, వెళ్లి చూసుకోండి!"

చిన్నల్లుడి ముఖం వాడిపోయింది. పెద్దల్లుడి కడుపు చల్లబడింది. నెల రోజుల తర్వాత దొరికిన ఆ చల్లదనాన్ని కళ్లు మూసుకుని అనుభవిస్తూ నిలబడిపోయాడు. మామగారు జేబులోంచి షెడ్డు తాళాలు తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టడం అతను చూడనే లేదు.