కుడిచేతికి కుట్టిన సంచీ

గుండీకి రెండేళ్లు. కుట్టుపనివాళ్ల ఇంట్లో పుట్టింది కాబట్టి ఆ ముద్దుపేరు. పుట్టిన దగ్గర్నుంచీ ఎడమ పిడికిలి బిగించుకునే ఉంది. ఏం కావాలన్నా కుడిచెయ్యే పరిగెడుతుంది. ఎడమది చుట్టపుచూపుగా వచ్చినట్టు పక్కన ఊరికే ఉంటుంది.

"చేతిలో లోపమేం లేదమ్మా," అంది వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ. "పుట్టేటప్పుడు మెదడుకి దెబ్బ తగిలింది. ఆ చేత్తో పని చేస్తుంటేనే మెదడు దానికి కొత్త దారి వేసుకుంటుంది. రోజూ రెండు గంటలు కుడిచేతికి సంచీ తొడుగు. అన్నీ ఎడమచేత్తోనే చేసుకోనీ. నెలయ్యాక తీసుకురా. చిన్నప్పుడైతే తొందరగా నేర్చుకుంటుంది, ఆలస్యం చెయ్యకు."

ఆ ఆఖరి మాట తల్లి గుండెలో సూదిలా దిగింది.

సంచీ మాత్రం లక్షణంగా కుట్టింది. లోపల మెత్తటి గుడ్డ, మణికట్టు దగ్గర నాడా, పైన కుందేలు బొమ్మ. గడియారం చూసి మరీ మూడు వారాలు తొడిగింది. ఎడమ పిడికిలి విడలేదు.

అత్తగారు చొక్కాకి కాజాలు కుడుతూ అంతా గమనిస్తూనే ఉంది.

"అమ్మాయ్, పిల్ల అరటిపండు వైపు చూసింది. నోట్లో పెట్టిందెవరు?"

"నేనే అత్తయ్యా. ఏడుపుమొహం పెట్టింది."

"మంచినీళ్లు?"

"నేనే."

"బంతి?"

"దొర్లిపోతుంటేనూ..."

"అంటే దానికి మూడు కుడిచేతులు. మనం ఒకటే కట్టాం."

కోడలు వెళ్లి మిషను ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి ఇంకో రెండు సంచీలు తయారయ్యాయి. పెద్దవి. వీటికి కుందేలు లేదు.

"కట్టండి," అని కోడలు తన రెండు చేతులూ చాపింది.

అత్తగారు కట్టింది, లాగితే ఊడే ముడి వేసి.

గుండీ ముందు పళ్లెంలో అరటిపండు ముక్కలు. "అమ్మా!" అని నోరు తెరిచింది. తల్లి రెండు సంచీలూ ఎత్తి చూపించింది. గుండీ ఆ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఇంట్లో ఏదో పాడైందని అర్థమైంది. అరటిపండు అక్కడే వదిలేసి, బాగుచెయ్యడానికి వచ్చింది.

ముందు కుడిచేతి కుందేలుతో లాగింది. జారిపోయింది. పళ్లతో పట్టింది. రుచి నచ్చలేదు. "వద్దులే తల్లీ, నేనే..." అనబోయింది తల్లి. అత్తగారు కళ్లెర్రజేసింది. తల్లి నోరు మూసుకుంది. నోటికి మాత్రం సంచీ కుట్టలేదు మరి.

అప్పుడు ఎడమ పిడికిలి కదిలింది. వణుకుతూ ముందుకొచ్చి, నాడా మీద వాలి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది. బొటనవేలు బయటికొచ్చింది. దాని వెనకే ఇంకో వేలు. రెండూ కలిసి నాడా కొస పట్టుకుని లాగాయి.

సంచీ ఊడి కిందపడింది.

"చూశారా అత్తయ్యా!" అంది తల్లి. రెండో సంచీతోనే కళ్లు తుడుచుకుంది.

"చూశాను. ఇంకా గంటంపావు ఉంది," అంది అత్తగారు, కింద పడ్డ సంచీ దులిపి. "చెయ్యి ఇటు తే."

తల్లి బుద్ధిగా చెయ్యి చాపింది.

"నాడా కొస అటు పెట్టండి అత్తయ్యా," అంది, "దాని ఎడమచేతికి అందేవైపు."