ముళ్లుండకు పోసే నీళ్లు

గాజు తొట్టిలో నీళ్లు తగ్గాయంటే పొద్దున లేవగానే నా మొదటి పని అవి నింపడం. క్యాను వంచి, ప్లాస్టిక్ మగ్గుతో మెల్లగా పోయాలి. గబుక్కున పోస్తే అడుగున ఇసుక లేస్తుంది. ఆ క్యాను బీరంగూడ ఫిల్టర్ ప్లాంటు నుంచి తొట్టి కోసమే వస్తుంది. నేనూ మా అత్తమ్మ రాజవ్వా తాగేది పెరట్లో బోరు నీళ్లు. ఇదేం లెక్క అని నేనెప్పుడూ అడగలేదు. తొట్టి ఖరీదైంది, మేం కాదు కదా!

వారం వారం బకెట్లో సముద్రపు ఉప్పు కలిపి, పాళ్లు చూసి, పాత నీళ్లు కొన్ని తీసి కొత్తవి పోయాలి. కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది. అప్పుడు మగ్గుతో తోడి పోస్తూ అక్కడే కూర్చోవాలి, లేకపోతే లోపలి సముద్రపు చేపలకు ఊపిరాడదు. ఎన్ని ఎండాకాలం మధ్యాహ్నాలు నా భుజాలు పడిపోయేలా తోడానో నాకే తెలియదు. చుట్టాలొస్తే మాత్రం మా ఆయన నర్సింహ సోఫాలో కాలు మీద కాలేసుకుని, సముద్రాన్ని పటేల్‌గూడకు తెచ్చానని, దీన్ని చూసుకోవడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదని చెబుతాడు. నేను చాయ్ అందిస్తూ వింటాను.

ఆయన గడ్డపోతారంలో మందుల కంపెనీలో సూపర్‌వైజర్. పెద్దసారు ముంబై బదిలీ అయిపోతూ ఆ తొట్టిని ఈయనకిచ్చాడు. అది మా ఇంటికొచ్చేనాటికి నేను రెండోసారి కడుపుతో ఉన్నాను. బోరు నీళ్లు పచ్చగా వస్తున్నాయని, గుటక వేస్తే కడుపులో తిప్పుతోందని చెప్పాను. "కాసుకొని తాగు. మా అమ్మ తాగుతలేదా?" అన్నాడు. తను మాత్రం రోజూ కంపెనీ నుంచి బాటిల్ నింపుకొచ్చి అదే తాగేవాడు. అలవాటేమో అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

మొదటిది మూడో నెలలో పోయింది. ఇది ఐదో నెలలో పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ తేల్చలేదు. ఆస్పత్రి నుంచి వచ్చి గోడకానుకుని కూర్చుంటే, మళ్లీ చూద్దాంలే అని ఈయన డ్యూటీకి వెళ్లిపోయాడు. అత్తమ్మ మాత్రం నా తల ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే అది వచ్చింది. తొట్టిలో రాళ్లకు పాకుడు పడుతోందని, దాన్ని తినేందుకు ఈయన హైదరాబాద్ నుంచి తెచ్చాడు. దుకాణంవాడు సీ అర్చిన్ అన్నాడట. నిమ్మకాయంత ఒళ్లు, చుట్టూ నల్లటి ముళ్లు. "గీ ముళ్లుండ ఏంది బిడ్డా?" అంది అత్తమ్మ. అదే పేరైపోయింది. రాగి తగిలితే చస్తుందని దుకాణంవాడు చెప్పాడని ఈయన అంటే, అప్పటిదాకా వాడుతున్న రాగి చెంబు పక్కన పెట్టి మగ్గు తీసుకున్నాను.

ఊరికే ముళ్లు పెట్టుకుంది గానీ దానంత నెమ్మదైన ప్రాణి లేదు. రాయి మీద పాకుడు గీక్కుని తింటూ, గవ్వ ముక్కను నెత్తిన పెట్టుకుని, కొంగు కప్పుకున్న ముసలమ్మలా తిరిగేది. పాకుడు అయిపోతే పాలకూర వేడినీళ్లలో వేసి తీసి, చల్లార్చి, రాయికి దారంతో కట్టేదాన్ని. పొద్దుటికి ఆకు మాయమైతే నా కడుపు నిండేది. ఎవరితోనూ అనలేనివి దానితో అనేదాన్ని. అది బతికి, పెరిగి, నిమ్మకాయంతది బత్తాయంత అయింది. నా చేతుల్లో పెరిగింది.

ఒక పొద్దున ఇసుక మీద ముళ్లు రాలి ఉన్నాయి. అద్దాన్ని పట్టుకోలేక అది జారి పడింది. నీళ్లు మార్చాను, ఉప్పు చూశాను, మళ్లీ మార్చాను. సాయంత్రానికి ముళ్లన్నీ రాలి బోడిగా మిగిలింది. దోసిట్లోకి తీసుకుని ఏడ్చాను. రెండుసార్లూ నా దోసిట్లోకి రాని బిడ్డల కోసం కూడా అప్పుడే ఏడ్చాను.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూశాడు.

"బోరు నీళ్లు పోసినవా? ఆ నీళ్లల్ల పానమున్నది ఏదన్న నిలుస్తదా? జెర తెలివుండాలె. నీ చేతిల ఏదీ బతకది."

అనేసి స్నానానికి పోయాడు. నా చేతిలో బతకదన్న మాట తర్వాత గుచ్చుకుంది. ముందు గుచ్చుకున్నది ఆ నీళ్ల మాట. నా బిడ్డలను తీసుకుపోయింది ఆ నీళ్లేనని నేను అనలేను, నాకు తెలియదు. ఈయనకు మాత్రం తెలుసు. ముళ్లుండకు పోయకూడదని తెలుసు, తను తాగకూడదని తెలుసు. తెలిసే నన్ను కాసుకుని తాగమన్నాడు.

రాలిన ముళ్లు ఏరుతుంటే ఇసుకలో వేలికి గట్టిగా ఏదో తగిలింది. ఆకుపచ్చగా చిలుము పట్టిన పాతకాలపు రాగి పైస. అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది.

"నేనే ఏసిన బిడ్డా. రైల్ల పోతుంటే గోదారిల ఏస్తరు గద. నేను సముద్రం సూడలే. ఇంట్లకే వచ్చె గదా అని, ఈసారన్న నీ కడుపు నిలవాలని మొక్కి ఏసిన."

నా కోసం మొక్కిన మొక్కే దాని ప్రాణం తీసిందని ఆ ముసలి ముఖం చూసి ఎలా చెప్పను? "దానికి వయసైపోయింది అత్తమ్మా" అన్నాను. పైసను కొంగున ముడేసుకున్నాను. క్యాను లేపి, నీళ్లన్నీ మేం తాగే బిందెలో పోశాను. ముందు అత్తమ్మకు ఇచ్చి, తర్వాత నేను తాగాను. వాసన లేని నీళ్లు అంత తేలిగ్గా దిగుతాయని మర్చిపోయాను.

ఆయన అన్నానికి కూర్చున్నాడు. పెరట్లోకి వెళ్లి ఒక గ్లాసు నింపుకొచ్చి కంచం పక్కన పెట్టాను.

"ఏం నీళ్లియ్యి?"

"బోరు నీళ్లు. కాసిన. కడుపుతోటి ఉన్నప్పుడు నేను తాగినయే."

నోటి దాకా వెళ్లిన గ్లాసు ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. గ్లాసు కింద పెట్టి, "నా బాటిల్ తే" అన్నాడు.

నేను లేవలేదు. కొంగు ముడిలో పైస చేతికి తగులుతోంది. నన్ను క్షమించు అత్తమ్మా, నీ మొక్కు తీరదు. ఈ మనిషి బిడ్డను నేనిక మొయ్యను.