సోములమ్మ పేరున దాచిన నంబరు

పోయినోళ్లు పిలిస్తే పలక్కూడదని అమ్మ చెప్పేది, పలికితే వెంట తీసుకుపోతారంట, మరి ఫోన్లో కనపడితే ఏం చెయ్యాలో అమ్మకేం తెలుసు, కాఫీ పళ్లు ఆరబోసిన టార్పాలిన్ పక్కన కూర్చుని మంగ్లు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు, సోములమ్మ ఇందులో చేరింది, పలకరించండి, మూడేళ్ల కిందట తన చేతులతో మట్టి కప్పిన పెళ్లాం, లోయలోంచి మంచు పైకొస్తోంది, అంతలోనే గుర్తొచ్చింది, ఆ పేరు పెట్టింది తనేగా, వీపంతా మొగుడి బెల్టు వాతలతో పారిపోయిన కూతురు గాయత్రి సాలూరు నుంచి కొత్త నంబరు చెప్పి, అయ్యా, నీకు తప్ప ఎవరికీ తెలీకూడదు, ఆడికి తెలిస్తే సంపేత్తాడు అంది, తమ ఇంట్లో పోయినోళ్ల పేరు ఎవరూ ఎత్తరు, ఎవరూ అడగరు, అందుకే ఆ నంబరు దాని తల్లి పేరున దాచాడు, సంతలో ఫోన్లమ్మే అజయ్ ఈ మెసేజీల యాప్ వేసిచ్చినప్పుడే చెప్పాడు, నీ దగ్గరున్న నంబర్లన్నీ సోళ్లు తిరగల్లో విసిరినట్టు పిండి చేసి పంపుతాది తాతా, ఎవరి గింజో యాప్ వాడికి కూడా తెలీదు, నీకు తెలిసినోళ్లు చేరితే మాత్రం నీకు చెప్తాది, అదే ఇది, తన గుంట గాయత్రి చేరింది, అంతే, చచ్చినోళ్లు లేవలేదు.

ఏటి మామా, మొకం అలా పాలిపోనాది, అన్నాడు ఎదురుగా అల్లుడు ధర్మ, పొద్దున్నుంచి కదలకుండా కూర్చున్నాడు, నీ కూతురెక్కడో సెప్పీ, ఎల్లిపోతాను అంటూ, ఏటీ లేదల్లుడా అనేలోపే ఫోన్ లాక్కున్నాడు, ఓలమ్మో, అత్తా, సచ్చి కూడా ఫోనొగ్గలేదేటే అని నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది, పేరు మీద వేలు నొక్కాడు, ఫోటో లేదు, బూడిద రంగు గుండ్రంలో తల ఉంది, భుజాలున్నాయి, మొహం లేదు, ధర్మ రెప్ప వెయ్యలేదు, పెదాలు కదిలాయి, చప్పుడు లేదు, దడుపు మంత్రం కాబోలు, ఫోన్ తిరిగిచ్చి ఎల్లొత్తాను మామా అని లేచాడు.

సోములూ, పోయి కూడా పిల్లని కాసేవే, అనుకుంటే కళ్లు చెమర్చాయి, ధర్మ మంచులోకి దిగుతున్నాడు, దడిసినవాడు ఉరకాలి కదా, వీడు నెమ్మదిగా నడుస్తున్నాడేం, పెదాలు కదుపుతూనే, వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ, ఒక చెయ్యి, రెండో చెయ్యి, పదీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి, అయ్యో, అది మంత్రం కాదు, పదంకెల నంబరు, తను దాచింది కూతురి పేరునే, నంబరు ఆ పేరు కిందే ఉంది.