వంగక్కర్లేని మెషీన్

మావారు పోయిన రోజు ఉదయం వంటింట్లో ఫ్రిజ్ పక్కనున్న ఖాళీని టేపుతో కొలిచారు. కొలిచి, గోడమీద పెన్సిలుతో చిన్న గీత గీశారు. "సరిగ్గా పడుతుందమ్మా," అని వాళ్ళమ్మతో అన్నారు. అత్తయ్య సింకు దగ్గర తన గిన్నెలు తోముకుంటూ, "ముందు రానీరా, పట్టడం సంగతి తర్వాత," అన్నారు. ఆయన నవ్వి, టిఫిన్ డబ్బా తీసుకుని ఆఫీసుకు వెళ్ళారు.

మధ్యాహ్నం నేను ఇయర్ ఎయిట్, అంటే మన ఏడో తరగతి, పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. స్కూలు ఆఫీసులో పనిచేసే ఆవిడ తలుపు దగ్గరకు వచ్చి ఆగింది. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చేస్తుంది. ఆ రోజు రాలేదు. నేను మార్కర్‌కు మూత పెట్టి, పిల్లలకు తర్వాతి లెక్క చూపించి బయటికి వెళ్ళాను. మా ఆయన పార్థసారథి కార్ల కంపెనీ డిజైన్ ఆఫీసులో కుర్చీలోంచి ఒరిగిపోయారట. నేను ఆస్పత్రికి చేరేసరికి చెప్పడానికే తప్ప చెయ్యడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

ఆయన కొలిచింది ఒక పాత డిష్‌వాషర్ కోసం. ఆ సంగతి కొంచెం చెప్పాలి.

ఇంగ్లండులో, కోవెంట్రీలో మేము కొన్న ఇంట్లో డిష్‌వాషర్ ముందునుంచే ఉంది. చాలామంది మనవాళ్ళ ఇళ్ళలో లాగే అది మాకూ అలమరాగా ఉపయోగపడింది. ఇడ్లీ పాత్ర, కుక్కర్లు అందులో ఉండేవి. మామయ్య పోయాక అత్తయ్య సావిత్రమ్మగారు మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడది మడి వంట. ఎంగిలి కంచాలూ వండిన గిన్నెలూ ఒకే తొట్టిలో పడేసి తిప్పితే దాన్ని కడగడం అంటారా అని అడిగేవారు. మోకాళ్ళు పాడైనా తన గిన్నెలు తనే, నిలబడే, చన్నీళ్ళతో తోముకునేవారు. చలికాలంలో ఆవిడ వేళ్ళు ముడుచుకుపోయి, గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది.

"పోనీ, నీకు విడిగా ఒకటి కొంటాను. అందులో నీ గిన్నెలు తప్ప ఇంకేమీ పడవు," అన్నారు ఆయన.

"దాని ముందు గొంతుక్కూర్చోవాలి కదరా. కూర్చుంటే నన్ను లేపడానికి క్రేన్ తేవాలి."

అప్పుడు ఆయనకు తెలిసింది, పూర్వం ఈ దేశంలో పైనుంచి మూత తెరిచే డిష్‌వాషర్లు ఉండేవని. చక్రాల మీద తోసుకొచ్చి, రబ్బరు గొట్టం కుళాయికి తగిలించి వాడేవారు. నిలబడే గిన్నెలు సర్దవచ్చు. అవి తయారవడం మానేసి చాలా కాలమైంది. పేపర్లలో చిన్న ప్రకటనలు చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టారు. రెండేళ్ళు చేశారు. దొరక్క కాదు. దొరికిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడిగేవారు: "క్షమించండి, ఇందులో మాంసం తిన్న ప్లేట్లు కడిగారా?"

ఒకాయన, "మరి తిన్నాక వాటిని తోటలో పాతిపెడతామా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాట మావారు వాళ్ళమ్మకు చెప్పి, ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు.

చివరికి లీసెస్టర్ అవతల ఒక చిన్న ఊళ్ళో మిసెస్ హాలమ్ అనే ఆవిడ దగ్గర దొరికింది. వాళ్ళమ్మ కొనుక్కుని, లేసు గుడ్డ కప్పి, పూలకుండీ పెట్టుకుందట. అసలు వాడనే లేదట. శనివారం వచ్చి తీసుకువెళ్తానని ఆయన చెప్పారు. గురువారం పోయారు.

కర్మలు అయ్యాక నేను స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఇంటికి వచ్చి ఒకరోజు ఫోన్‌లో మెసేజ్ విన్నాను. మిసెస్ హాలమ్ గొంతు. "మీరు రాలేదు. మెషీన్ మీ కోసమే ఉంచాను. మీరు బాగానే ఉన్నారని తలుస్తాను." ఇంకోసారి విన్నాను. ఆవిడ నంబరు చెప్పడం మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టడం కూడా విన్నాను. తర్వాత గోపాల్‌రావుకు ఫోన్ చేశాను. ఆయన మావారి స్నేహితుడు, హైదరాబాద్ మనిషి, లీసెస్టర్‌లో డాక్టర్. వెనక సీట్లు మడిస్తే మంచం పట్టేంత కారు ఉంది.

"శనివారం నా డ్యూటీ రోటాల ఖాళీనే ఉన్నది వదినా. పోదాం తియ్," అన్నారు. ఎందుకని అడగలేదు.

మిసెస్ హాలమ్ తలుపు తీసి మా వెనక్కి చూసింది. "మిస్టర్ సారథి కారు ఆపుతున్నారా?"

"ఆయన చనిపోయారు," అన్నాను. క్లాసులో హాజరు పిలిచే గొంతు అది. ఆవిడ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. లోపలికి పిలిచి టీ పెట్టింది. నేను తాగాను. వేడిగా ఉందో లేదో గుర్తులేదు.

మెషీన్ వరండాలో ఉంది. లేత పసుపు రంగు. గుండ్రటి అంచులు. మూత తెరిస్తే లోపల వైరు బుట్ట మెరుస్తోంది. గొట్టం చుట్టి దారంతో కట్టి పెట్టింది ఆవిడ.

"మీకొక సంగతి చెప్పాలి," అంది. "ఇది ఎప్పుడూ వాడలేదని ఆయనకు చెప్పాను. నిజమనుకునే చెప్పాను. తర్వాత మా చెల్లెలు గుర్తుచేసింది. ఒక్కసారి వాడామట. ఒక క్రిస్మస్‌కి. బాతు వండారు. ఆయన అంత మర్యాదగా, అంత జాగ్రత్తగా అడిగారు. చెప్పకుండా ఇవ్వలేను."

"ఫరవాలేదు," అన్నాను. ఆ నెలలో అందరికీ అదే చెబుతున్నాను.

కారు మోటార్‌వే ఎక్కాక గోపాల్‌రావు అన్నారు, "వదినా, గీ ముచ్చట అమ్మకు చెప్పాల్నా? ఒక్క బాతు. ముప్పై ఏండ్ల కింద సచ్చిన బాతు. అదొచ్చి చెప్తదా?"

నేను అద్దంలోంచి వెనక్కి చూశాను. దుప్పటి కింద మెషీన్ మలుపుల్లో కొంచెం కదులుతోంది. చెప్పకపోతే అత్తయ్య తన గిన్నెలు అందులో పెట్టుకుంటారు. చేతులకు చన్నీళ్ళ బాధ తప్పుతుంది. ఆయన కోరింది అదే. చెబితే అది గ్యారేజీలో ఉండిపోతుంది. కానీ ఫోన్ చేసిన ప్రతి ఇంట్లో ఆయన అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

"చెప్పాలి అన్నయ్యా," అన్నాను.

"నీ ఇష్టం. నేనైతే బాతు దిక్కే ఉంటుంటి," అన్నారు.

మేము దించేసరికి అత్తయ్య శాలువా కప్పుకుని వాకిట్లోకి వచ్చారు. ఎండలో ఆ పసుపురంగు చూసి, "బాగుంది," అన్నారు. మూత మీద చెయ్యి వెయ్యబోయి ఆగారు. "వాళ్ళు దీన్ని వాడలేదన్నాడు కదూ?"

"ఒక్కసారి వాడారట అత్తయ్యా. చాలా ఏళ్ళ కిందట. మాంసం ప్లేట్లు కడిగారట. ఇవాళే చెప్పింది ఆవిడ."

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గోపాల్‌రావు దుప్పటి మడత పెడుతున్నారు. మడిచిందే మళ్ళీ విప్పి మడిచారు.

"వాడికి తెలుసా?" అన్నారు అత్తయ్య.

"తెలియదు."

"అయితే వాడికి చెప్పకు," అన్నారు. "రెండేళ్ళు వెతికాడు."

నేను ఆవిడ మొహం చూశాను. మరిచిపోయి అన్న మాట కాదు. "సరే అత్తయ్యా," అన్నాను.

"లోపలికి తోయించు. ఎండలో ఎంతసేపు పెడతారు? నాయనా గోపాల్, చక్రాలు గడప మీద చూసుకో."

ఫ్రిజ్ పక్కన పెన్సిలు గీత దగ్గరికి సరిగ్గా వచ్చింది. అత్తయ్య గిన్నెలో నీళ్ళు తెచ్చి, పసుపు కలిపి, మూత మీదా బుట్టలోనూ చల్లారు. తర్వాత తన అన్నం గిన్నె తెచ్చి, నిలబడే, పైనుంచి బుట్టలో పెట్టారు. కాసేపు దాన్ని చూశారు.

"వంగక్కర్లేదు," అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు.

గోపాల్‌రావు గొట్టం విప్పి కుళాయి దగ్గరికి తెచ్చారు. దాని మూతి మా కుళాయికి పట్టదు. రెంటినీ కలపడానికి మధ్యలో ఇత్తడి బిళ్ళ ఒకటి కావాలి. అది మావారు ముందే కొని సొరుగులో పెట్టారు. "బిగించనీకి ప్లంబర్‌ను నేను పిలుస్తా అమ్మా, రేపే వస్తడు," అన్నారు గోపాల్‌రావు.

"ఎప్పుడు పిలవాలో నేను చెబుతానులే," అన్నారు అత్తయ్య. గిన్నె బుట్టలోంచి తీసి, సింకు దగ్గరికి వెళ్ళి తోమడం మొదలుపెట్టారు.

ఇప్పుడు వేసవి సెలవులు. మెషీన్ అక్కడే ఉంది. అత్తయ్య రోజూ పొద్దున్నే దాన్ని తడిగుడ్డతో తుడుస్తారు. తోమిన గిన్నెలు ఆరడానికి అందులో సర్దుతారు. ప్లంబర్ సంగతి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇత్తడి బిళ్ళ సొరుగులో ఉంది. గొట్టం ఇంకా కుళాయికి తగిలించలేదు.